సందు చెప్పే లెక్క: చిన్న విమానం ఇంజనులో వాల్వు క్లియరెన్స్

(విమాన ఇంజన్ల పని నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లు కాస్త ముందుకు జరగండి, బోర్డు మీద అంకెలు చిన్నగా రాశాను.

అవి ఎనిమిది అంకెలు. లైకమింగ్ కంపెనీ చేసిన నాలుగు సిలిండర్ల ఇంజను, సిలిండర్‌కు రెండేసి వాల్వులు, అందుకని ఎనిమిది. 48, 51, 46, 50, 47, 12, 52, 44. అన్నీ థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్లలో 0.0254. తల వెంట్రుక మందం ఇంచుమించు మూడు థౌలనుకోండి, కొలత మనసులో నిలబడుతుంది. ఓవర్‌హాల్, అంటే ఇంజను మొత్తం విప్పి బాగుచేయడం, అయ్యి, సిలిండర్లు బిగించేశాక, వాల్వును నొక్కే మీట అయిన రాకర్ ఆర్మ్ ముక్కుకీ వాల్వు కాడ కొనకీ మధ్య ఉన్న సందులో ఫీలర్ గేజ్, అంటే మందం తెలిసిన సన్నని రేకు, పెట్టి నేను రాసుకున్నవి ఇవి. ఒక్కో సిలిండర్‌కు ముందు ఇన్లెట్, తర్వాత ఎగ్జాస్ట్. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సంగతి.

మీ చూపు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. పన్నెండు దగ్గర. ఈ ఇంజనుకు తయారీదారు ఇచ్చిన హద్దు 28 నుంచి 80 దాకా. ఏడు అంకెలు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ఆరోది, అంటే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్, మాత్రం 12. ఆ రోజు నేనేం చేశానో చెప్పడానికే వచ్చాను. కానీ అది మీకు సరిగ్గా అర్థం కావాలంటే ముందు ఆ సందు అక్కడ ఎందుకుందో తెలియాలి.

1903లో రైట్ సోదరులు ఎగరేసిన ఇంజనులో ఇన్లెట్ వాల్వులకు ఈ బాధే లేదు. పిస్టన్ కిందికి పోతుంటే పుట్టే పీల్పుకి అవి వాటంతట అవే తెరుచుకునేవి. ఎగ్జాస్ట్ వాల్వును మాత్రం అప్పుడు కూడా యంత్రంతో తోసే తెరిచారు, ఎందుకంటే సిలిండర్ లోపల ఒత్తిడి ఇంకా మిగిలి ఉండగానే దాన్ని తెరవాలి. ఈనాటి ఇంజన్లలో రెండింటినీ తోసే తెరుస్తాం. కామ్‌షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ మీది ఉబ్బు, అంటే లోబ్, ట్యాపెట్‌ను లేపుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను తోస్తుంది, పుష్‌రాడ్ రాకర్ ఒక చివరను ఎత్తుతుంది, రాకర్ రెండో చివర వాల్వు కాడ మీద నొక్కుతుంది. మూయడం మాత్రం స్ప్రింగు పని. ఇంత పొడుగు గొలుసులో ఎక్కడా కాస్తయినా వదులు లేకపోతే, కామ్ తోయని వేళ కూడా వాల్వు పూర్తిగా సీటు మీద, అంటే హెడ్‌లో అది ఆని మూసుకునే ఉంగరం మీద, కూర్చోదు. దానికోసమే ఆ సందు.

సీటు మీద కూర్చోకపోతే ఏమవుతుంది? కంప్రెషన్ పోతుందంటారు మీరు. నిజమే. కానీ అంతకన్నా పెద్ద నష్టం వేడి దగ్గర ఉంది. చిన్న లెక్క వేద్దాం. ఇంజను నిమిషానికి 2400 తిరుగుతోంది. కామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే 1200. ఒక్కో వాల్వు సెకనుకు ఇరవై సార్లు తెరుచుకుని మూసుకుంటోంది. ఒక్కో విడతకు 50 మిల్లీసెకన్లు. అందులో ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉండేది సుమారు మూడో వంతు. ఆ కాసేపూ దాని పక్కనుంచి దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ దాకా ఉన్న వాయువు దూసుకుపోతుంది. మిగిలిన ముప్పై చిల్లర మిల్లీసెకన్లలో, సీటును అంటుకుని కూర్చున్నప్పుడే, తను తాగిన వేడిని సీటు ద్వారా సిలిండర్ హెడ్‌కు దించుకోవాలి. కొంత కాడ ద్వారా గైడుకు, అంటే కాడ జారే గొట్టానికి, పోతుంది కానీ ఎక్కువ భాగం సీటు దారినే పోతుంది. లైకమింగ్ ఎగ్జాస్ట్ వాల్వుల్లో చాలావాటికి కాడను బోలుగా చేసి లోపల కొంత సోడియం పోస్తారు. అది 98 డిగ్రీలకే కరిగి, వాల్వుతో పాటు పైకీ కిందికీ ఊగుతూ, తల దగ్గరి వేడిని కాడ దగ్గరికి మోస్తుంది. 1920లలో శామ్ హెరాన్ అనే ఇంజనీరు పట్టుపట్టి సాధించిన ఉపాయం అది. నాకు ఎంతో గౌరవమున్న పని. పాత వాల్వు పారేసేటప్పుడు ఆ కాడను కొయ్యకండి, పగలగొట్టకండి. సోడియానికి నీటి తడి తగిలితే మండుతుంది.

అయితే ఎంత సోడియం పోసినా సీటు చేసే పని సీటే చేయాలి. సందు లేక వాల్వు ఒక వెంట్రుక వాసి ఎడంగా ఉండిపోయిందా, ఆ ముప్పై మిల్లీసెకన్ల విశ్రాంతి పోయినట్టే. పైగా మండుతున్న వాయువు ఆ సన్నని చీలికలోంచి ఈలేస్తూ పోతుంది. అంచు కాలుతుంది. కాలిన చోట ఇంకా కారుతుంది, కారిన చోట ఇంకా కాలుతుంది. చివరికి అంచు ముక్క ఊడటమో, తల విరిగి సిలిండర్లో పడటమో జరుగుతుంది. 2400 చొప్పున 2000 గంటలు, అంటే ఆ ఇంజన్లలో చాలావాటికి ఓవర్‌హాల్ నుంచి ఓవర్‌హాల్ దాకా ఇచ్చిన గడువు, తిరిగితే ఒక్క వాల్వు 14 కోట్ల 40 లక్షల సార్లు సీటు మీద దిగుతుంది. అన్ని సార్లూ సరిగా దిగాలి.

సందు మరీ ఎక్కువైతే? వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది, తొందరగా మూసుకుంటుంది, తెరుచుకునేది కూడా తక్కువే. ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. రాకర్ ప్రతిసారీ సుత్తిలా కొడుతుంది కనుక కాడ కొన, ట్యాపెట్ ముఖం, కామ్ అన్నీ దెబ్బ తింటాయి. అది చప్పుడు చేసి చెప్పే జబ్బు, కొంత నయం. తక్కువ సందు చప్పుడు చేయదు. నిశ్శబ్దంగా ఉన్న ఇంజను మంచి ఇంజను అనుకుంటాం చూడండి, అక్కడే నాకు భయం.

ఇక్కడ మోటారు బండ్ల మీద పనిచేసి వచ్చినవాళ్లు ఒక అలవాటు మార్చుకోవాలి. బండి ఇంజను వేడెక్కితే సందు తగ్గుతుందని మీ చేతికి తెలుసు. గాలితో చల్లబడే విమాన ఇంజనులో సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది. హెడ్ అల్యూమినియం మిశ్రమం. వంద మిల్లీమీటర్ల అల్యూమినియం 150 డిగ్రీలు వేడెక్కితే మూడో వంతు మిల్లీమీటరు పైనే సాగుతుంది. అదే పొడుగు ఉక్కు అందులో సగం సాగుతుంది. సిలిండర్ మొత్తం పెరిగి రాకర్‌ను కామ్ నుంచి దూరంగా తీసుకుపోతుంది, పుష్‌రాడ్ అంత పెరగదు. సందు పెద్దదవుతుంది. సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ ఉండే పాత రేడియల్ ఇంజన్లలో చల్లగా ఉన్నప్పుడు 10 థౌ పెడితే, వేడెక్కాక 70 థౌ దాకా పోయేది. అందుకే 'చల్లని ఇంజను మీద' అని మాన్యువల్‌లో ఉంటే అది నిజంగా చల్లగా ఉండాలి. మధ్యాహ్నం ఎగిరి వచ్చిన ఇంజను మీద సాయంత్రం చెయ్యి వేసి, గోరువెచ్చగానే ఉందిలే అని గేజ్ తీయకండి.

ఇప్పుడు రెండు రకాల ట్యాపెట్లు. మొదటిది గట్టి ట్యాపెట్. లైకమింగ్ ఓ-235 ఇంజనులో ఉంటుంది. రాకర్ చివర స్క్రూ, దాని మీద లాక్‌నట్. చల్లని ఇంజను మీద 7 నుంచి 9 థౌ. దీని గురించి ఎక్కువ చెప్పను. సందు మీ స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతుంది. బిగించాక మళ్లీ గేజ్ పెట్టి చూడని సెట్టింగ్ సెట్టింగే కాదు.

రెండోది హైడ్రాలిక్ ట్యాపెట్. మీకు ఎక్కువగా తగిలేది ఇదే. ట్యాపెట్ లోపల ఒక చిన్న సిలిండర్, అందులో ప్లంజర్, కింద ఒక బలహీనమైన స్ప్రింగు, లోపలికి మాత్రమే నూనెను రానిచ్చే చెక్ వాల్వు. కామ్ తోయనప్పుడు స్ప్రింగు ప్లంజర్‌ను పైకి నెట్టి వదులంతా లాగేస్తుంది, కింద ఏర్పడిన ఖాళీలోకి నూనె వస్తుంది. కామ్ తోసినప్పుడు చెక్ వాల్వు మూసుకుంటుంది. చిక్కుకున్న నూనె నలగదు కనుక ఇనుప ముక్కలా పుష్‌రాడ్‌ను తోస్తుంది. ప్లంజర్ పక్కనుంచి కొద్దిపాటి నూనె కారుతుంది, మరుసటి విడతలో మళ్లీ నిండుతుంది. అంటే నడుస్తున్న ఇంజనులో సందు ఎప్పుడూ సున్నాయే. వేడికి పెరిగినా, అరిగి తగ్గినా ప్లంజర్ సర్దుకుంటుంది.

మరి సున్నా అయినప్పుడు 28 నుంచి 80 ఏమిటి? అది నూనె లేని ట్యాపెట్ మీద, ప్లంజర్ అట్టడుక్కి దిగి ఉండగా తీసే కొలత. డ్రై ట్యాపెట్ క్లియరెన్స్ అంటారు. ప్లంజర్‌కు పైకీ కిందికీ కదిలే చోటు కొంతే ఉంది. ఇంజను నడిచేటప్పుడు అది ఆ చోటు మధ్యలో ఎక్కడో తేలుతూ ఉండాలి. పొడి సందు బాగా తక్కువైతే ప్లంజర్ అడుగుకు ఆనుకుంటుంది. ఇక సర్దుకోవడానికి చోటు ఉండదు, వాల్వు ఎడంగా ఉండిపోతుంది. మరీ ఎక్కువైతే ప్లంజర్ బయటికి రాకుండా ఆపే పైనున్న సర్క్లిప్‌కు కొట్టుకుంటుంది, టకటక మొదలవుతుంది. కాంటినెంటల్ అనే ఇంకో కంపెనీ ఓ-200 ఇంజనులో ఈ హద్దు 30 నుంచి 110. ఇంజనును బట్టి అంకె మారుతుంది, కాబట్టి మీ చేతిలో ఉన్న మోడల్ మాన్యువల్ తెరిచి చూశాకే గేజ్ పట్టుకోండి. స్క్రూ లేదు కనుక ఇక్కడ సర్దడానికి ఉన్న దారి ఒక్కటే, పుష్‌రాడ్ మార్చడం. సందు చాలకపోతే పొట్టిది, ఎక్కువైతే పొడుగుది. తయారీదారులు కొన్ని పొడుగుల్లో ఇస్తారు.

ఎలా తీస్తామో చూడండి. ముందు పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో టాప్ డెడ్ సెంటర్ దగ్గర, అంటే తన దారి పైకొసన, ఉండాలి. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర కూడా పిస్టన్ అక్కడికే వస్తుంది. కానీ అక్కడ రెండు వాల్వులూ కొద్దిగా తెరిచి ఉంటాయి, మీరు కొలిచేది అబద్ధం. ఇంజను విమానం మీదే ఉంటే, ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు ఆఫ్ చేసి, గ్రౌండ్ అయ్యాయని సరిచూసి, అన్ని సిలిండర్ల పై ప్లగ్గులు తీశాకే ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయండి. తర్వాత ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. ఎగ్జాస్ట్ స్ట్రోకులో వేలి కింద ఏమీ ఉండదు. కంప్రెషన్ వచ్చేసరికి గాలి వేలిని ఎత్తేస్తుంది, పక్కనుంచి బుస్సుమంటుంది. అక్కడినుంచి పిస్టన్ పైకి చేరేదాకా తిప్పండి. రెండు రాకర్లనూ పట్టుకుని ఆడించి చూడండి. అప్పుడు ఆ రెండు ట్యాపెట్లూ లోబ్ మీద కాక, కామ్ గుండ్రని వీపు మీద ఉన్నట్టు. ఈ నాలుగు సిలిండర్ల ఇంజన్లు 1-3-2-4 వరసలో పేలుతాయి, క్రాంక్ సగం చుట్టు తిప్పితే తర్వాతిది సిద్ధం. సిలిండర్ నంబర్లు మాత్రం జాగ్రత్త: లైకమింగ్‌లో ఒకటో నంబరు కుడివైపు ముందుది, కాంటినెంటల్ ఓ-200లో కుడివైపు వెనకది.

ట్యాపెట్ పొడిగా ఉండాలన్నాను కదా. ప్లంజర్‌ను బయటికి తీసి, విప్పి, కడిగి, నూనె చుక్క లేకుండా ఆరబెట్టి పెట్టాలి. ఒకదాని ప్లంజర్ ఇంకోదాని ఒంట్లో పెట్టకూడదు. అవి జతగా నూరిన జోడీలు. కొలిచేటప్పుడు రాకర్‌ను పుష్‌రాడ్ వైపు వేలితో నొక్కి పట్టండి. ఇది మర్చిపోతే లోపలి చిన్న స్ప్రింగు ప్లంజర్‌ను పైకి లేపి ఉంచుతుంది, మీకు సందే కనిపించదు. నొక్కి పట్టి, రెండో వైపున గేజ్ రేకు దూర్చండి. రేకు వదులుగా ఊగకూడదు, బలవంతంగా దూరకూడదు. రెండు వైపులా ఒకేలా ఒరుసుకుంటూ జారాలి. రాకర్ ముక్కు మీద గుంట పడి ఉంటే రేకు గుంట మీదుగా వంతెనలా నిలుస్తుంది, లోపల ఎంతుందో అది చెప్పదు. ముందు ఆ ముఖాన్ని వెలుతురులో తిప్పి చూడండి.

ఎగ్జాస్ట్ వాల్వు కాడ మీద ఒక చిన్న టోపీ ఉంటుంది, రొటేటర్ క్యాప్. అది పెట్టే కొలవాలి. సిలిండర్‌ను అటూ ఇటూ తిప్పేటప్పుడు చప్పుడు లేకుండా జారి పడిపోయే వస్తువుల్లో అది మొదటిది. ఎగ్జాస్ట్ సందు ఉన్నట్టుండి హద్దు దాటి పెద్దగా వచ్చిందంటే పొడుగు పుష్‌రాడ్ కోసం స్టోర్‌కు వెళ్లకండి, ముందు నేల మీద, ట్రేలో, చొక్కా జేబులో టోపీ కోసం వెతకండి. టోపీ లేకుండా పొడుగు పుష్‌రాడ్‌తో సందు సరిపెట్టిన ఇంజనును నేను విప్పి చూశాను. కాడ కొన సుత్తిదెబ్బలు తిన్న మేకులా పువ్వు విచ్చింది, గైడులోంచి బయటికి రాలేదు.

కొన్ని చోట్ల రెండే రేకులు పట్టుకుని పని కానిస్తారు: 28 దూరాలి, 80 దూరకూడదు. దూరింది, దూరలేదు, సరే, తర్వాతిది. తప్పేమీ కాదు, హద్దుల్లో ఉందో లేదో తేలిపోతుంది. అయినా నేను ఒప్పుకోను. అసలు అంకె ఎంతో కొలిచి రాయమంటాను. ఎందుకంటే ఆ సందు ఒంటరి కొలత కాదు. సీటు ఎంత నూరారు, వాల్వు ముఖం ఎంత నూరారు, క్రాంక్‌కేస్ ముఖాలను ఎంత చెక్కారు, సిలిండర్ అడుగు ఎంత సాపు చేశారు, రాకర్ బుష్ ఎలా మార్చారు, ఏ పుష్‌రాడ్ పెట్టారు, ఇవన్నీ కలిసి చివరికి ఆ ఒక్క చోట తేలతాయి. సీటు పది థౌలు లోతుగా నూరితే వాల్వు అంత లోపలికి కూర్చుంటుంది, కాడ కొన అంతే పైకి వస్తుంది, సందు పది థౌలు తగ్గుతుంది. కేస్ ముఖం చెక్కితే సిలిండర్ కామ్‌కు దగ్గరవుతుంది, అప్పుడూ తగ్గుతుంది. అయితే అప్పుడు ఆ వైపు సిలిండర్లన్నీ కలిసి తగ్గుతాయి. ఒక్కటే తగ్గితే కారణం ఆ ఒక్క సిలిండర్లోనే ఉంది. అంకెలు పక్కపక్కన రాస్తే ఇది కనిపిస్తుంది. రెండు రేకులతో ఎప్పటికీ కనిపించదు.

ఇక ఆ పన్నెండు దగ్గరికి వస్తాను.

మొదట ట్యాపెట్‌లో నూనె మిగిలిపోయిందనుకున్నాను. తీసి కడిగి మళ్లీ పెట్టాను. 12. పుష్‌రాడ్ చివర గుంటలో సరిగ్గా కూర్చోక అంచు మీద నిలబడిందేమోనని తీసి మళ్లీ పెట్టాను. 12. పుష్‌రాడ్‌ను గాజు పలక మీద దొర్లించాను, వంపు లేదు. అప్పుడు, ఇంజను రేపటికి ఇవ్వాలన్న తొందరలో, పొట్టి పుష్‌రాడ్ తెచ్చి వేశాను. 41 వచ్చింది. మాన్యువల్ ప్రకారం అది సరైన పద్ధతే. పుష్‌రాడ్ మార్చే సర్దాలి, మార్చాను. హద్దుల్లోకి రావాలి, వచ్చింది. 41 అని రాసి సంతకం పెట్టాను. ఒక్క ప్రశ్న అడగలేదు: మిగతా ఏడూ ఒకచోట ఉంటే ఇది ఒక్కటీ ముప్పై అయిదు థౌలు ఎందుకు తప్పిపోయింది?

కొన్ని వందల గంటలకు ఆ ఇంజను తనిఖీకి వచ్చింది. కంప్రెషన్ పరీక్షలో 80 పీఎస్ఐ గాలి ఇస్తే మూడు సిలిండర్లు డెబ్బైలలో నిలబెట్టుకున్నాయి. మూడోది 52. ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చెవి పెడితే బుస వినిపించింది. సిలిండర్ విప్పాం. వాల్వు సీటులో బాగా లోతుకు దిగి కూర్చుని ఉంది, సీటు వెడల్పయింది. అంతకుముందెప్పుడో ఎవరో నూరారు, మా ఓవర్‌హాల్‌లో ఇంకోసారి నూరారు, ఆ రెండూ కలిపి ఎంతయిందో ఎవరూ కొలవలేదు. వాల్వు అంచు మీద ఒక పక్క కాలిన మచ్చ మొదలైంది. గైడు లోపలి చివర గంట ఆకారంలో అరిగింది.

పొట్టి పుష్‌రాడ్ సందును సరిచేసింది కానీ మిగతా రెండింటిని సరిచేయలేదు. వాల్వు లోతుకు దిగితే కాడ కొన పైకి వస్తుంది, దాంతో పాటు స్ప్రింగు పై కప్పు కూడా పైకి లేస్తుంది. స్ప్రింగుకు చోటు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. వాల్వును సీటుకు అదిమే బలం ఆ మేరకు పోయింది. రెండోది, కాడ కొన పైకి రావడంతో రాకర్ ముక్కు దాని నడిమధ్యన కాక ఒక పక్కన ఆనింది. ప్రతి తోపుకూ కాడను పక్కకు నెట్టింది. సెకనుకు ఇరవై తోపులు. గైడు గంటలా అరగడానికి ఇంకేం కావాలి? గైడు అరిగాక వాల్వు ఊగుతూ సీటు మీద ఒక పక్కన ముందు దిగింది, రెండో పక్కన మంట కారింది.

కొత్త సీటు వేయించాం. హెడ్‌ను వేడి చేసి, సీటును చల్లబరిచి దించుతారు. కొత్త గైడు, కొత్త వాల్వు. తిరిగి బిగించి, పొట్టి పుష్‌రాడ్ తీసేసి మొదట్లో ఉన్న పొడుగుదే పెట్టి కొలిచాను. 46. మిగతా ఏడింటి మధ్యలోకి వచ్చి కూర్చుంది. అది చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. మొదటి రోజే ఆ ఇంజను తన జబ్బు ఎక్కడుందో అంకెతో సహా చెప్పింది, నేను దాని నోరు మూశాను. ఆ విమానంలో ఎక్కినవాళ్లు నా సంతకాన్ని నమ్మి ఎక్కారు. నేల మీదే దొరికింది కనుక ఈ రోజు ఇక్కడ నిలబడి చెప్పగలుగుతున్నాను.

ఈ సందుకు చూపు ఆనని చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. కామ్ లోబ్ ముక్కు అరిగిపోయినా సందు మారదు. మనం కొలిచేది కామ్ గుండ్రని వీపు మీద. ముక్కు సగం కరిగినా వీపు అలాగే ఉంటుంది. దానికి డయల్ గేజ్ పెట్టి, ఇంజను తిప్పుతూ, వాల్వు ఎంత దిగుతోందో కొలవాల్సిందే. లైకమింగ్ నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎదురెదురు సిలిండర్ల ఇన్లెట్‌లకు ఒకటే లోబ్, దానికి రెట్టింపు పని. పైగా వాటిలో కామ్‌షాఫ్ట్ క్రాంక్‌కు పైన ఉంటుంది. ఇంజను వారాల తరబడి నడపకుండా పెడితే నూనె కిందికి కారిపోయి లోబ్‌ల మీద తుప్పు పడుతుంది, ఆ గుంటల దగ్గరే అరుగుడు మొదలవుతుంది. అలాగే గైడులో కాడ పట్టేసుకోవడం. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు కాసేపు గరగరమని, వేడెక్కాక సర్దుకునే ఇంజనులో నేను ముందుగా అనుమానించేది ఇదే. గైడులో పేరుకున్న మసి దాని కారణం. సందు కొలిస్తే బాగానే కనిపిస్తుంది. కాడను గైడులో ఊపి చూసే పరీక్ష వేరే ఉంది, అది వేరే చేయాలి.

రేడియల్ ఇంజన్ల గురించి ఎవరో చీటీ పంపారు. ఒక్క మాటే చెప్తాను. కొన్నింటిలో కామ్ రింగు తన బేరింగు మీద వదులుగా తేలుతుంది. ఒక వైపు స్ప్రింగులు నొక్కితే రెండో వైపుకు జరుగుతుంది, ఆ జరుగుడు మీ కొలతలో కలిసిపోతుంది. అందుకని మాన్యువల్ చెప్పిన ఎదుటి సిలిండర్ల వాల్వులను ముందు అదిమి, ఆ బరువు తీసేశాకే కొలుస్తారు. మిగతాది ఆ ఇంజను ముందు నిలబడినప్పుడు నేర్చుకోవాలి.

ఇంకో ప్రశ్న ఉందా? అమ్మా, మీరు అడగండి.

"హద్దు 28 నుంచి 80 అన్నారు కదా సార్, కొత్తగా ఓవర్‌హాల్ చేసిన ఇంజనులో ఎంత వచ్చేలా చూసుకోవాలి? 30 వస్తే వదిలేయొచ్చా?"

మంచి ప్రశ్న. 30 హద్దుల్లో ఉంది, మాన్యువల్ మిమ్మల్ని ఆపదు. కానీ కాలం గడిచేకొద్దీ ఈ సందు ఏ వైపుకు పోతుందో ఆలోచించండి. ఎగ్జాస్ట్ సీటు నడిచేకొద్దీ అరుగుతుంది, వాల్వు లోపలికి దిగుతుంది, కాడ కొన పైకి వస్తుంది. సందు తగ్గే వైపుకే పోతుంది. 30 దగ్గర మొదలుపెట్టినవాడికి రెండు థౌల జీతమే చేతిలో ఉంది, 2000 గంటలు దాంతో గడపాలి. అందుకే ఎగ్జాస్ట్ వైపు 45కి పైన ఉంటే నాకు నిద్ర పడుతుంది. అది నా అలవాటు, నియమం కాదు. అయితే ఒక్కటే 30 వచ్చి మిగతావి యాభైల్లో ఉంటే, పుష్‌రాడ్ ముట్టుకోకముందే ఆ సిలిండర్ దించి సీటు కొలవండి. ఎనిమిదీ 30 దగ్గరే వస్తే కేస్ ఎంత చెక్కారో కాగితాల్లో చూడండి.

కాగితాలు అన్నాను కనుక ఇంకొకటి. ఎనిమిది అంకెలూ, ఏ సిలిండర్‌కు ఏ పార్టు నంబరు పుష్‌రాడ్ వేశారో కూడా, ఓవర్‌హాల్ రికార్డులో రాయండి. 'హద్దుల్లో ఉన్నాయి' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తర్వాత విప్పేవాడికి ఏమీ తెలియదు. నేను ఆ ఇంజను రికార్డులో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ ఎదురుగా 46 రాసిన చోట, పక్కనే పాత 12, పొట్టి పుష్‌రాడ్‌తో వచ్చిన 41, రెండూ తేదీలతో సహా రాసి పెట్టాను. ఈసారి దాన్ని ఎవరు విప్పినా ముందు ఆ సీటు మీద వెలుతురు వేసి చూస్తారు.